రొదలో మాట

కోస్గి పట్టణము కన్నడ సీమ సరిహద్దునకు చేరువగా నున్న మెట్టప్రాంతములోనిది. పూర్వము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, 2019వ సంవత్సరమున నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. అంగడి కూడిన దినమున అచ్చటి బజారులో ఒక మూల నిలిచి చెవి యొగ్గినచో తెలుగు, ఉర్దూ, కన్నడము, లంబాడీ పలుకులు ఒక్కమారుగా వచ్చి చెవిని పడును. ఒకచోట కందుల ధరకు బేరము సాగుచుండును. ఒకచోట కూరగాయలమ్ము స్త్రీ గొంతెత్తి వెలలు చాటుచుండును. ఆటోల కూతలు, బస్సు కండక్టరు కేకలు, దుకాణములలోని పాటలు అన్నియు కలిసి ఒకే హోరుగా నుండును. ఇంతటి హోరులో కొంత దూరమునుండి తల్లి పేరుపెట్టి పిలిచినచో, బిడ్డ వెంటనే తల త్రిప్పి చూచును. ఇందులో వింత యేమున్నదని పిలిచిన తల్లియు తలపదు, పలికిన బిడ్డయు తలపదు.

కాని శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద వింతయే. చెవిలోని కర్ణభేరి యొక్కటి. బజారులోని శబ్దములన్నియు గాలిలో కలిసిపోయి ఆ ఒక్క పొరనే కదలించును. జొన్నలు, కందులు, పెసలు ఒకే సంచిలో పోసి కలిపినట్లు శబ్దములన్నియు కలిసి వచ్చును. వానిని తిరిగి వేరుచేసి, ఇది తల్లి గొంతు, ఇది బేరగాని గొంతు, ఇది బస్సు మ్రోత అని యెరుగుట చెవియు మెదడును కలిసి చేయు పని. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కోలిన్ చెర్రీ 1953వ సంవత్సరమున ఈ విషయమును పరీక్షలకు పెట్టెను. ఒకే మనిషికి ఒకేసారి రెండు ప్రసంగములు వినిపించి, వానిలో నొకదానిని ఎట్లు పట్టుకొనునో ఆయన పరిశీలించెను. రెండు ప్రసంగములును కలిపి రెండు చెవులకును వినిపించినప్పుడు విడదీయుట మిక్కిలి కష్టమయ్యెను. ఒక్కొక్క ప్రసంగమును ఒక్కొక్క చెవికి వేరుగా వినిపించినప్పుడు వినువారు కోరినదానిని సులభముగా పట్టుకొనిరి.

ఇట్లు వేరుచేయుటకు చెవికి ఆధారములు కొన్ని కలవు. కుడివైపునుండి వచ్చిన మాట కుడిచెవిని ముందుగా చేరును, ఎడమచెవిని వెనుకగా చేరును. ఆ వ్యత్యాసము సెకనులో వెయ్యవ వంతుకన్న తక్కువయే అయినను మెదడు దానిని గుర్తించును. తల అడ్డము వచ్చుటచే దూరపు చెవికి శబ్దము కొంత తగ్గియు చేరును. గొంతుల శ్రుతి మరియొక ఆధారము. పురుషుని గొంతు సామాన్యముగా సెకనుకు నూరు, నూట ఇరువది కంపనములతో పలుకును. స్త్రీ గొంతు రెండు వందలకు చేరువగా నుండును. పిల్లల గొంతు ఇంకను హెచ్చు. ఒక్కొక్క గొంతునకు ఒక్కొక్క శ్రుతి యుండుటచే, దారపు పోగును పట్టుకొని పోయినట్లు, ఒక గొంతును వెంబడించి పోవుటకు వీలగును. రొద ఎల్లప్పుడు ఒకే తీరుగ నుండదు. నడుమనడుమ అది తగ్గినప్పుడు ఆ సందులలో నాలుగు ముక్కలు విని, మిగిలిన దానిని సందర్భమునుబట్టి మెదడు పూరించుకొనును.

ఈ పని చేయు సాధనము చెవిలోపల ఎముకలో దాగియున్నది. బయటినుండి వచ్చిన శబ్దము కర్ణభేరిని కదలించును. కూటకము, దాగలి, అంకవన్నె యను మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలికి అందించును. అచ్చట నత్తగుల్లవలె రెండున్నర చుట్లు చుట్టుకొనియున్న గొట్టము కలదు. లాటిన్ భాషలో నత్తగుల్లకుగల పేరునుబట్టి దానికి కాక్లియా అని పేరు వచ్చినది. తెలుగు గ్రంథములలో దీనినే కర్ణావర్తమందురు. చుట్లు విప్పి చాచినచో దాని నిడివి సుమారు మూడున్నర సెంటీమీటర్లే. అందు పదునైదు వేలకు పైబడిన రోమకణములు బారులు తీరియుండును. హెచ్చు శ్రుతిగల ధ్వనులకు గొట్టపు మొదటి భాగమును, తక్కువ శ్రుతిగల ధ్వనులకు కొనభాగమును కదలును. శబ్దము ఆ గొట్టములో తరంగముగా పయనించు తీరును కనుగొన్నందులకు హంగేరీలో పుట్టిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమానము లభించినది. రోమకణములు ఆ కదలికను విద్యుత్సంకేతములుగా మార్చి శ్రవణనాడికి అందించును. ఆ నాడిలో సుమారు ముప్పది వేల తంతువులున్నవి.

రోమకణములు చెడినచో తిరిగి మొలవవు. కొందరు శిశువులు పుట్టుకతోనే ఈ లోపముతో నుందురు. మెదడువాపు జ్వరము, గర్భవతికి సోకిన రుబెల్లా, నెలలు నిండక ముందే కలిగిన ప్రసవము మున్నగునవి కొన్ని కారణములు. మేనరికపు వివాహములు, మేనమామను పెండ్లాడుటలు వాడుకగానున్న దక్షిణదేశమున తల్లిదండ్రులిద్దరినుండియు ఒకే లోపము బిడ్డకు సంక్రమించి చెవుడు కలుగుట మరియొక ముఖ్య కారణము. కణములు కొన్ని మిగిలియున్నచో, శబ్దమును హెచ్చించి చెవికి అందించు వినికిడి యంత్రము చాలును. దానినే జనులు చెవి మిషనని పిలుతురు. కణములు బొత్తిగా పోయినచో ఎంత బిగ్గరగా వినిపించినను ప్రయోజనము లేదు. గింజలే లేని చేనుకు నీరు పెట్టిన ఫలమేమి?

అట్టివారికై రోమకణములను దాటి, శ్రవణనాడికే నేరుగా విద్యుత్తునందించు ఉపాయమును విజ్ఞానులు వెదకిరి. ఈ తలపునకు మూలము చాల ప్రాతది. విద్యుద్ఘటమును నిర్మించిన ఇటలీ దేశీయుడు వోల్టా, తన రెండు చెవులలోను లోహపు కడ్డీలుంచుకొని విద్యుత్తును ప్రసరింపజేసికొనెను. తలలో గట్టి తాకుడు కలిగి, చిక్కని ద్రవము ఉడుకుచున్నట్టి శబ్దము వినబడెనని 1800వ సంవత్సరమున ఆయన వ్రాసెను. కోస్గి ప్రాంతపు వారైనచో, పొయ్యి మీది కుండలో అంబలి కుతకుతలాడినట్లు వినబడెనని చెప్పియుందురు. ఆ ప్రయోగమును ఆయన మరల చేయ సాహసింపలేదు. పిదప నూట ఏబదియేండ్లకు, 1957లో, పారిస్ నగరమున జూర్నో, ఎయిరియె అను ఇరువురు ఒక చెవిటివాని శ్రవణనాడికి విద్యుత్తునందించి శబ్దభావమును కలిగించిరి. 1961లో అమెరికాలో విలియం హౌస్ అను వైద్యుడు కాక్లియాలోనికే తీగను పంపెను. ఒకే తీగ గనుక దానివలన ధ్వని యున్నదని తెలియునే కాని మాట తెలియదు.

ఆస్ట్రేలియాకు చెందిన గ్రేమ్ క్లార్క్ తండ్రి ఔషధ విక్రేత. ఆయనకు వినికిడి మందము. తండ్రి పడిన ఇబ్బందిని చిన్ననాటినుండి చూచిన క్లార్క్ చెవి వైద్యుడై, అనేక తీగలుగల సాధనమును నిర్మింప పూనుకొనెను. మెత్తని తీగల కట్టను నత్తగుల్లవంటి గొట్టపు చుట్లలోనికి గాయము చేయకుండ పంపుటెట్లు? ఇది ఆయనను చాలకాలము వేధించిన ప్రశ్న. 1977లో ఆయన సముద్రతీరమున కూర్చుండి, ఒక గుల్లలోనికి గడ్డిపరకను త్రోసి చూచెను. కొన మెత్తగాను మొదలు బిరుసుగాను ఉన్న పరక చుట్లలోనికి చక్కగా జారిపోయెను. మరుసటి సంవత్సరము, అనగా 1978 ఆగస్టు 1న, మెల్బోర్న్‌లో రాడ్ సాండర్స్ అను వానికి ఆయన శస్త్రచికిత్స చేసెను. కారు ప్రమాదమున వినికిడి కోల్పోయినవాడు సాండర్స్. ఆ కాలముననే వియన్నాలో హోఖ్‌మయర్ దంపతులును ఇట్టి సాధనమును నిర్మించిరి. ఆ పిమ్మట అమెరికాలో బ్లేక్ విల్సన్ అను ఇంజనీరు, తీగలన్నిటికి ఒక్కసారిగా గాక ఒకదాని వెనుక నొకదానికి అతివేగముగా విద్యుత్తునిచ్చు పద్ధతిని కల్పించి 1991లో ప్రకటించెను. మాట స్పష్టపడుటకు ఇది మిక్కిలి తోడ్పడినది. క్లార్క్, ఇంగెబోర్గ్ హోఖ్‌మయర్, విల్సన్ ముగ్గురును 2013లో లాస్కర్ బహుమానము పొందిరి.

ఈ సాధనమునకే కాక్లియర్ ఇంప్లాంట్ అని పేరు. చెవి వెనుక తగిలించుకొను భాగము మాటను గ్రహించి సంకేతములుగా మార్చును. అయస్కాంతమువలన తలకు అంటుకొనియుండు చిన్న బిళ్ల ఆ సంకేతములను చర్మము క్రింద అమర్చిన భాగమునకు పంపును. అచ్చటినుండి అవి కాక్లియాలోని విద్యుద్ద్వారములకు పోవును. వాని సంఖ్య తయారుచేయు సంస్థనుబట్టి పండ్రెండు మొదలు ఇరువది రెండు వరకు నుండును.

ఇంత ఖరీదైన చికిత్స మెట్టప్రాంతపు రైతుకూలీల బిడ్డలకు అందునా? 2007 ఏప్రిలు 1న ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకము తొలుత మూడు జిల్లాలలోనే ప్రారంభింపబడెను. అవి మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము. నాడు కోస్గి మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. తరువాత చిన్నపిల్లల కాక్లియర్ శస్త్రచికిత్సయు ఆ పథకమున చేర్చబడినది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఈ చికిత్స చేయుచున్నారు. కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకము క్రిందను ఇంప్లాంటులు ఇచ్చుచున్నారు. ఆ ఏర్పాటును చూచు జాతీయసంస్థ 1983లో బొంబాయిలో వెలసినది. దానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసిన హైదరాబాదీయుడు అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి. ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. ఇట్లు శైశవమున చికిత్స పొందిన పిల్లలు నేడు పెరిగి ఉన్నత పాఠశాలల తరగతులలో కూర్చుండుచున్నారు.

ఇచ్చటనే అసలు చిక్కు మొదలగును. నిశ్శబ్దమైన గదిలో, ఎదురుగా కూర్చుండి మాటాడినచో అట్టి బిడ్డ చక్కగా విని బదులు చెప్పును. పెండ్లిపందిరిలో, బజారులో, తరగతిలో ఆ బిడ్డయే ఏమియు తెలియనట్లు చూచును. అప్పుడు ఇంటిలోని ముసలమ్మ, "మిషను వెట్టినంక గూడ వినవడ్తలేదా బిడ్డా?" అని నొచ్చుకొనును. బడిలోనివారు శ్రద్ధ లేదందురు. నిజమునకు ఆ బిడ్డ తక్కినవారికంటె ఎక్కువ శ్రద్ధతోనే వినుచుండును. లోపము శ్రద్ధలో లేదు, చెవికి చేరు సమాచారములో నున్నది.

చుక్కల ముగ్గును తలచుకొన్నచో ఇది సులభముగా తెలియును. వాకిట నాలుగే చుక్కలు పెట్టి గీసిన ముగ్గైనను అది పద్మమో, నక్షత్రమో చూచువారు పోల్చగలరు. మాటయు నిట్టిదే. అమెరికాలో షానన్ మొదలగువారు 1995లో జరిపిన పరీక్షలో, మాటలోని శ్రుతిభేదములను తుడిచివేసి నాలుగు పట్టీలుగా మాత్రమే వినిపించినను, నిశ్శబ్దమున వినువారు వాక్యములను ఇంచుమించు పూర్తిగా గుర్తించిరి. కాని అదే వాకిట, అదే తెల్లని పిండితో, ఒక ముగ్గుమీద మరియొక ముగ్గు వేసినచో ఏ గీత దేనిదో ఎవరికి తెలియును? రొదలో ఇంప్లాంటుతో వినువారి స్థితి ఇదియే.

ఇరువది రెండు విద్యుద్ద్వారములున్నవి కదా యని అడుగవచ్చును. కాక్లియాలో ద్రవము నిండియున్నది. ఒక ద్వారమునుండి వెలువడిన విద్యుత్తు ఆ ద్రవములో వ్యాపించి ప్రక్క తంతువులను గూడ తాకును. అందుచే ద్వారములెన్ని యున్నను వేరువేరుగా పనికివచ్చునవి సుమారు ఎనిమిది మాత్రమేయని పరిశోధకుల తలంపు. అదిగాక ఈ సాధనము గొంతు యొక్క శ్రుతిని సరిగా అందింపదు. పోగును పట్టుకొని పోవుటకు ఆ పోగే దొరకదు. రొద తగ్గిన సందులలో మాటను ఏరుకొను నేర్పు ఇంప్లాంటుతో వినువారికి మిక్కిలి స్వల్పము. మామూలు చెవిగలవారు రొద మాటకంటె కొంత హెచ్చుగా నున్నను వాక్యమును పట్టుకొనగలరు. ఇంప్లాంటుగలవారికో, మాటయే రొదకంటె అనేక డెసిబెళ్లు హెచ్చుగా నుండవలెను.

చికిత్స జరుగని రెండవ చెవి సంగతి యేమి? అనేకులకు ఆ చెవిలో కొనభాగపు రోమకణములు కొన్ని మిగిలియుండును. అనగా తక్కువ శ్రుతిగల ధ్వనులు కొంతవరకు వినబడును. వినికిడి యంత్రముతో ఆ చెవి ఒక్కటే వినినచో మాటలు తెలియవు. గోడ అవతల ఎవరో మాటాడుచున్నట్లు గొనుగుడు మాత్రమే వినబడును. ఇంక దీనితో పనియేమున్నదని, ఇంప్లాంటు వచ్చినపిదప ప్రాత యంత్రమును పెట్టెలో పడవైచువారున్నారు. అది తొందరపాటు. కాలిఫోర్నియాలో కాంగ్, స్టికినీ, జెంగ్ అను ముగ్గురు 2005లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతిని చక్కగా చూపినది. యంత్రముగల చెవి తానై ఒక్క మాటను గుర్తింపలేకపోయినను, ఇంప్లాంటుతో చేరినప్పుడు రొదలోని వాక్యములు ఇంప్లాంటుతో మాత్రమే వినినప్పటికంటె మెరుగుగా తెలిసినవి. రొద మరియొక మనిషి గొంతైనప్పుడు ఈ మేలు స్పష్టముగా కనబడినది. పాటల వరుసలు పోల్చుటలోను ఆ చెవియే మిన్నగా నుండెను.

ఏలయన ఇంప్లాంటు అందింపలేని శ్రుతిని ఆ రెండవ చెవి అందించును. వాకిట వేసిన రెండు ముగ్గులలో నొకదానికి ఎర్రరంగు పూసినట్లగును. రంగు తనకు తానై ఏ రూపమును చెప్పదు. కాని ఏ గీత దేనిదో రంగు చెప్పును.

తెలుగు మాటలతోనే దీనిని పరీక్షింపవచ్చును. పాట, బాట, మాట అను మూడు మాటలను అద్దములో చూచుకొనుచు స్వరము లేకుండ పలికినచో పెదవుల కదలిక ఒక్కటిగనే యుండును. పెదవులను చూచి గ్రహించువానికి ఈ మూడింటికిని భేదము కనబడదు. బకారమును పలుకునప్పుడు పెదవులు విడిపోకముందే గొంతు మ్రోగును. మకారమున ముక్కునుండి నాదము వెలువడును. పకారమున ఆ మ్రోత లేదు. ఈ మ్రోతలు తక్కువ శ్రుతిగలవి గనుక వినికిడి యంత్రముగల చెవి వానిని పట్టగలదు. సకార శకారముల బుసబుసలు హెచ్చు శ్రుతిగలవి. వానిని ఆ చెవి పట్టలేదు, ఇంప్లాంటు పట్టును. ఒక చెవి విడిచినదానిని రెండవది అందుకొనును. మిగిలినదానిని కండ్లు చూచును.

తల అడ్డమగు సంగతియు నిచ్చట గుర్తుంచుకొనదగినది. ఒక్క చెవితోనే వినువానికి ఆ చెవివైపు రొద వచ్చినచో దారి లేదు. రెండు చెవులున్నచో రొద తక్కువగానున్న చెవిని మెదడు ఆశ్రయించును. అయితే రెండు సాధనముల బిగ్గరతనమును ఒకదానికొకటి సరిపడునట్లు నిపుణులచే అమర్చించుకొనవలెను. అందుకై కోస్గినుండి హైదరాబాదునకు బస్సులో పోయి రావలెను. పోయిన దినమున కూలి పోవును. శస్త్రచికిత్సకంటె ఈ చిల్లర ప్రయాణములే కొన్ని కుటుంబములకు భారమగును. రెండవ చెవిలో వినికిడి బొత్తిగా లేనివారికి యంత్రము ఉపకరింపదు. అట్టివారిలో కొందరికి రెండవ ఇంప్లాంటు అమర్చుదురు. సైగభాషతో చదువుకొని వృద్ధిలోనికి వచ్చినవారును అనేకులు కలరు.

ఇక తరగతిలోనికి వచ్చి చూచినచో, ఆరుబయట దూరము రెండింతలైనపుడెల్ల శబ్దబలము ఆరు డెసిబెళ్లు తగ్గును. ఒక మీటరు దూరమున అరువది డెసిబెళ్లుగా నున్న మాట రెండు మీటర్లకు ఏబది నాలుగై, నాలుగు మీటర్లకు నలువది యెనిమిదగును. గదిలో ఇంత తగ్గదు. కాని గోడలనుండియు, రేకుల కప్పునుండియు వచ్చు మారుమ్రోత ఆ లోటును మాటతో గాక గందరగోళముతో నింపును. పంకాల చప్పుడు, పిల్లల గుసగుసలు, వీధిలో పోవు ట్రాక్టరు మ్రోత దీనికి తోడగును. వెనుక బల్లపై కూర్చున్న బాలికకు మాటయు రొదయు సమానముగా చేరును. ఆమె సగము విని సగము ఊహించును. దినమంతయు ఇట్లు ఊహించి ఊహించి సాయంకాలమునకు అలసిపోవును.

బిగ్గరగా అరచినచో ప్రయోజనముండునని అనేకుల నమ్మకము. అరుపువలన పెదవుల కదలిక వికృతమగును, మాట చెదరును. దానికంటె నాలుగడుగులు దగ్గరకు పోవుట మేలు. నాలుగు మీటర్ల దూరము నుండి రెండు మీటర్లకు జరిగినంతనే మాటకు బలము చేకూరును. ముందు పేరు పిలిచి, ఆమె చూచిన పిదప చెప్పవలసినది చెప్పవలెను. ముఖము వెలుతురువైపు నుండవలెను. నల్లబల్లవైపు తిరిగి చెప్పిన వాక్యము ఆమెకు చేరదు. ఒకమారు చెప్పినది తెలియనిచో అదే మాటను పదిమార్లు చెప్పుటకంటె వేరు మాటలతో చెప్పుట మంచిది. "బాట" అని వినబడనివానికి "దారి" అని వినబడవచ్చును. పాఠము పేరును, క్రొత్త పదములను ముందుగా బల్లమీద వ్రాసినచో ఊహించుట తేలికయగును. కూర్చుండు స్థలము ముందువరుసలో, కిటికీకిని పంకాకును దూరముగా నుండవలెను. తోటి విద్యార్థుల ముఖములును కనబడునట్లు కొంచెము ప్రక్కగా నుండుట మంచిది.

వీనియన్నిటిలో బలమైన ఉపాయము చిన్న మైకు. ఉపాధ్యాయుడు దానిని ఛాతీపై, నోటికి జానెడు దూరమున ధరించును. అది ఆయన మాటను తీగ లేకుండ బాలిక ఇంప్లాంటునకును, వీలున్నచో వినికిడి యంత్రమునకును పంపును. అప్పుడు ఆమె ఎంత వెనుక కూర్చున్నను, మాటవరకు ఆ నోటికి జానెడు దూరముననే యున్నట్లగును. కాని మైకు ఉపాధ్యాయుని వద్దనే యున్నచో ఆయన ప్రశ్న మాత్రమే ఆమెకు వినబడును. మూడవ బల్లనుండి మరియొక బాలుడు చెప్పిన సమాధానము వినబడదు. అందుచే సమాధానము చెప్పువాని చేతికి మైకునందించి, వాడు చెప్పి ముగించిన పిదప తరువాతి వానికి అందించవలెను. అది సాధ్యముకానిచోట వాని సమాధానమును ఉపాధ్యాయుడే మైకులో తిరిగి చెప్పవలెను.